గ్రీకు పుస్తకాలు, ఇటుకల బట్టీ: సబ్జెక్టు ఎంపిక గురించి ఒక చారిత్రక పరిశీలన

'మేజర్' అనే మాట మన డిగ్రీ కాలేజీల దాకా వచ్చేసింది. 2023-24 విద్యా సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్‌లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి తీసేసి ఒక మేజర్, ఒక మైనర్ అనే పద్ధతి పెట్టారు. హెచ్.ఇ.పి. అనో, బి.జెడ్.సి. అనో చెప్పుకొని తిరిగిన తరం మాది. మాకు ఈ మాట కొత్త. అయితే మాట వెనకున్న ప్రశ్న కొత్తది కాదు. ఏం చదవాలి? ఎవరు చెప్తే చదవాలి? చదివి ఏం కావాలి?

దళితవాడల్లో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తుంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లోణ్ణి వాడలో పెద్దోళ్లు అడుగుతారు: "ఏం చదువుతున్నావయ్యా?" హిస్టరీ అంటే మళ్లీ అడుగుతారు: "దానికి ఏం ఉద్యోగమొస్తది?" ఇది న్యాయమైన ప్రశ్న. కూలిడబ్బులతో చదివించినోళ్లకు అడిగే హక్కుంది. రెండో వైపు నుంచి వచ్చేది ప్రశ్న కాదు, సలహా. "ఎకనామిక్స్ మీవాళ్లకి కష్టం, లెక్కలుంటాయి, ఇంకేదన్నా చూసుకోండి" అనే సలహా. మొదటి తరంలో యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లలో చాలామందికి ఇది వినపడింది. సలహా ఇచ్చినాయన చెడ్డవాడు కానక్కర్లేదు. ఆయనకు మన స్థానం గురించి ఒక లెక్క ఉంటుంది, అంతే.

ఈ రెండిటి మధ్య జరిగే పెనుగులాటకు ఒక చరిత్ర ఉంది. అది అమెరికా దక్షిణాదిలో, బానిసత్వం రద్దయిన వెంటనే, నల్లజాతివాళ్ల మధ్యనే జరిగిన పెద్ద వాదం. కులమూ జాతీ ఒకటే అని మేము అనడం లేదు. కానీ జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని తీసేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చినప్పటి నుంచీ మనవాళ్లు అటువైపు చూస్తూనే ఉన్నారు. చదువు విషయంలో కూడా చూడాల్సింది చాలా ఉంది.

ఫిస్క్: పాటలతో కట్టిన కాలేజీ

1866 జనవరిలో టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్ పట్నంలో ఫిస్క్ పాఠశాల మొదలైంది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఆసుపత్రిగా వాడి వదిలేసిన కొయ్య బారకాసుల్లో పెట్టారు. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ దాని వెనక ఉంది. మరుసటి ఏడే దానికి యూనివర్సిటీ అని పేరు పెట్టుకున్నారు. అంతకు ఏడాది ముందు దాకా చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసకు అక్షరం నేర్పడం నేరం. అక్షరాలు దిద్దడానికి ఏడేళ్ల పిల్లలూ వచ్చారు, ముసలివాళ్లూ వచ్చారు. అట్లాంటి చోట యూనివర్సిటీ అనే బోర్డు చూసి తెల్లవాళ్లు నవ్వే ఉంటారు.

నవ్వినా ఫిస్క్ తన పట్టు వదల్లేదు. లాటిన్, గ్రీకు, గణితం, తత్వశాస్త్రం, ప్రకృతి శాస్త్రాలు - హార్వర్డ్, యేల్‌లలో తెల్ల జమీందారుల పిల్లలు ఏవి చదివేవారో అవే ఇక్కడా పెట్టారు. లిబరల్ ఆర్ట్స్ అంటే ఇదే. ఒక వృత్తికి తయారు చేసే చదువు కాదు, స్వేచ్ఛ ఉన్న మనిషికి తగిన చదువు అని ఆ మాటకు పాత అర్థం. నిన్నటి దాకా బానిసగా ఉన్నవాళ్లు ఈ చదువును పట్టుకోవడం ఊరికే జరగలేదు. మొదటి కాలేజీ పట్టభద్రులు 1875లో బయటికొచ్చారు. నలుగురే. అందులో జేమ్స్ బర్రస్ లెక్కల అధ్యాపకుడయ్యాడు.

డబ్బులెక్కడివి? 1871లో కాలేజీ మూతపడే స్థితికొస్తే, విద్యార్థుల బృందం ఒకటి ఊరూరా పాటలు పాడి చందాలు పోగుచేయడానికి బయలుదేరింది. జూబిలీ సింగర్స్ అంటే వీళ్లే. పత్తిచేలల్లో తల్లులు తండ్రులు పాడుకున్న పాటలు అమెరికాలో, ఇంగ్లండులో పాడారు. ఆ డబ్బుతో 1876 నాటికి జూబిలీ హాలు లేచింది. బానిసల పాట గ్రీకు పాఠానికి ఫీజు కట్టిందన్నమాట. ఇది చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ పాటగాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి తిరుగుళ్లలోనే ఉండిపోయి సొంత చదువు పూర్తి చేసుకోలేకపోయారు. సంస్థ నిలబడింది, వాళ్ల డిగ్రీలు నిలబడలేదు. ఉద్యమాల్లో తిరిగి పరీక్షలు పోగొట్టుకున్న మన విద్యార్థులకు ఈ సంగతి వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇటుకలు

ఇటు టస్కిగీ. వర్జీనియాలో 1856లో బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ హాంప్టన్‌లో చదువుకొని, 1881లో అలబామాలో ఈ సంస్థను మొదలుపెట్టాడు. హాంప్టన్‌ను 1868లో పెట్టింది జనరల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే తెల్ల సైనికాధికారి. చేతిపని, క్రమశిక్షణ, శుభ్రత - ఇదీ అక్కడి మంత్రం. టస్కిగీలో విద్యార్థులే భవనాలు కట్టారు, ఇటుకలు కూడా వాళ్లే కాల్చారు. మూడు ఆవాలు చెడిపోయాయి. నాలుగోదానికి డబ్బుల్లేక వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టాడు. అది కుదిరింది. చుట్టుపక్కల తెల్లవాళ్లు కూడా ఆ ఇటుకలు కొనుక్కోవడానికి వచ్చారు. దీన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు, మట్టి పిసికిన కులాల పిల్లలమైన మాకు అసలే లేదు.

తగాదా ఇటుకతో కాదు. ఆ ఇటుక చుట్టూ అల్లిన సిద్ధాంతంతో. 1901లో వచ్చిన తన ఆత్మకథలో వాషింగ్టన్ ఒక దృశ్యం చెప్తాడు: ఒకే గది గుడిసె, చుట్టూ పిచ్చి మొక్కలు, మురికి బట్టలు, అందులో కూర్చుని ఫ్రెంచి వ్యాకరణం చదువుతున్న కుర్రాడు. ఆ ప్రయాణంలో తాను చూసిన అతి విచారకరమైన వాటిలో ఇదొకటి అంటాడు. మేము ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాం. గుడిసె విచారకరం, సరే. వ్యాకరణం ఎందుకు విచారకరం? మా ఇళ్లల్లో కిరసనాయిలు బుడ్డి పెట్టుకొని ఇంగ్లీషు గ్రామరు బట్టీ పట్టినవాళ్లలో ఎవర్ని చూసి జాలిపడాలి?

1895 సెప్టెంబరు 18న అట్లాంటాలో తెల్ల శ్రోతల ముందు ఆయన చేసిన ప్రసంగం సారాంశం ఇది: రాజకీయ హక్కుల కోసం, సామాజిక సమానత్వం కోసం ఇప్పుడు పోరాడం, చేతిపనులతో పైకొస్తాం, మీరు అవకాశమివ్వండి. తెల్లవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. డబ్బు సంచులు విప్పారు. ఒక్క కార్నెగీయే 1903లో టస్కిగీకి 6 లక్షల డాలర్లిచ్చాడు. స్లేటర్ నిధి, రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1902లో పెట్టిన జనరల్ ఎడ్యుకేషన్ బోర్డు - ఇవన్నీ పారిశ్రామిక విద్య వైపే మొగ్గాయి. ఫిస్క్ లాంటివి చేతులు చాపుకొని నిలబడాల్సి వచ్చింది. ఏది చదవాలో డబ్బే చెప్పడం మొదలుపెట్టింది.

ఇక్కడ చరిత్రకారుడు జేమ్స్ ఆండర్సన్ 1988లో తన పుస్తకంలో బయటపెట్టిన విషయం ముఖ్యం. హాంప్టన్ నిజానికి పనిమంతుల్ని తయారుచేసే సంస్థ కాదు, ప్రధానంగా బడిపంతుళ్లను తయారుచేసేది. చెమటోడ్చి పనిచేయించడం నైపుణ్యం కోసం కాదు, శ్రమను, దాంతోపాటు తమ స్థానాన్నీ ఒప్పుకునే మనస్తత్వం కోసం. ఆ పంతుళ్లు ఊళ్లకు పోయి అదే మనస్తత్వాన్ని పిల్లలకు నేర్పాలి. వృత్తివిద్య పేరుతో వృత్తీ పూర్తిగా రాలేదు, విద్యా రాలేదు. కులవృత్తులకు కొత్త పేర్లు పెట్టి 'స్కిల్' అని మన పిల్లల చేతుల్లో పెడుతున్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. టస్కిగీలో పాఠాలు చెప్పినవాళ్లలో చాలామంది ఫిస్క్ లాంటి కాలేజీల్లో చదువుకున్నవాళ్లే. వాషింగ్టన్ భార్య మార్గరెట్ ముర్రే ఫిస్క్ పట్టభద్రురాలు. కూతురు పోర్షియాను వెలస్లీ కాలేజీకి, ఆ తర్వాత పియానో నేర్చుకోవడానికి బెర్లిన్‌కు పంపించాడు. తండ్రిగా చేయాల్సిందే చేశాడు. కానీ జనానికి ఇటుక, ఇంటికి పియానో అనే నాయకత్వం మనకు తెలియనిదా?

సలహాల వరస

డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1868లో ఉత్తరాదిలో, మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లి పేదరాలు. ఆయన జీవితాన్ని మేము గొప్పవాడి కథగా కాకుండా, సలహాల వరసగా చదువుతాం.

మొదటి సలహా హైస్కూలు హెడ్మాస్టరు ఫ్రాంక్ హాస్మర్‌ది. కాలేజీకి పోవాలంటే ఆల్జీబ్రా, జామెట్రీ, లాటిన్, గ్రీకు తీసుకోమన్నాడు. పుస్తకాలకు డబ్బుల్లేకపోతే మిల్లు యజమానుల కుటుంబానికి చెందిన ఒకామె గ్రీకు పుస్తకాలు కొనిచ్చింది. ముసలితనంలో డుబోయిస్ ఈ విషయం తల్చుకొని ఒక మాట రాశాడు. నల్లవాడి 'స్థానం' గురించి ముందే లెక్కలున్న హెడ్మాస్టరయితే వ్యవసాయమో ఇంటిపనో తీసుకోమనేవాడు, తాను మారుమాట్లాడకుండా తీసుకునేవాణ్ణి అని దాని సారం. ఆధునిక నల్లజాతి ఆలోచనకు మూలపురుషుడనదగినవాడు ఒక హెడ్మాస్టరు మాట మీద ఆధారపడి ఉన్నాడు! ప్రతిభ ఎలాగైనా పైకొస్తుందని చెప్పేవాళ్లు ఇది చదవాలి.

1885లో నాలుగు చర్చిలు చందా వేసుకొని ఆయన్ను ఫిస్క్‌కు పంపాయి. ఆయన కోరుకున్నది హార్వర్డ్. నల్లవాడు కాబట్టి దక్షిణాదికి పోయి తనవాళ్ల మధ్య చదవడం మేలని పెద్దలు నిర్ణయించారు. అక్కడ మేజర్ ఎంచుకోవడమనేది లేదు. కాలేజీ కోర్సు అంటే అందరికీ ఒకటే చదువు. ఎంపికంతా అంతకుముందే, టీచరు ట్రైనింగా కాలేజీ చదువా అన్న దగ్గరే అయిపోయేది. అయితే ఎవరూ ఊహించని పాఠం ఒకటి అక్కడ దొరికింది. 1886, 1887 వేసవి సెలవుల్లో ఆయన టెన్నెసీ పల్లెల్లో బడి చెప్పడానికి పోయాడు. బడి అంటే మొక్కజొన్నలు దాచుకునే దుంగల కొట్టం. కూర్చునే కుర్చీ ఇంటావిడ దగ్గర అరువు తెచ్చుకొని రోజూ రాత్రి తిరిగిచ్చేయాలి. ఆ పల్లెలో జోసీ అనే అమ్మాయికి నాష్‌విల్ పోయి పెద్ద బళ్లో చదవాలని కోరిక. ఇంటి చాకిరీ, తమ్ముళ్ల బరువు వదల్లేదు. పదేళ్ల తర్వాత డుబోయిస్ తిరిగి పోయేసరికి జోసీ చనిపోయింది. ఫిస్కా టస్కిగీయా అని నగరాల్లో వాదాలు నడుస్తున్న కాలంలో జోసీకి ఈ రెండూ అందలేదు. ఈ చర్చలో ఆ అమ్మాయిని పక్కన పెట్టి మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

1888లో హార్వర్డ్‌కు చేరాడు. ఫిస్క్ డిగ్రీని పూర్తి డిగ్రీగా లెక్కించకుండా మూడో ఏట్లో కూర్చోబెట్టారు. ఛార్లెస్ ఇలియట్ అధ్యక్షుడుగా ఉన్న రోజులవి, విద్యార్థి తనకు నచ్చిన కోర్సులు ఎంచుకునే పద్ధతి అక్కడే బలపడింది. డుబోయిస్ తత్వశాస్త్రం ఎంచుకున్నాడు. విలియం జేమ్స్ దగ్గర చదివాడు. 1890లో డిగ్రీ తీసుకున్నాడు. ఇక్కడ మరో సలహా. వేరే దారి ఉంటే అటు పొమ్మని, తత్వశాస్త్రంతో బతుకు తెరువు కష్టమని జేమ్సే చెప్పాడు. డుబోయిస్ చరిత్ర వైపు తిరిగాడు. మన వాడలో పెద్దాయన అడిగేదీ, విలియం జేమ్స్ చెప్పిందీ ఒకటే మాట అని గమనించాలి. తేడా ఏమిటంటే, జేమ్స్ ఆ కుర్రాడికి తత్వశాస్త్రం రాదనలేదు.

స్లేటర్ నిధి అధ్యక్షుడు, అమెరికా మాజీ అధ్యక్షుడు హేస్, యూరపు చదువుకు తగిన నల్లవాడు దొరకడం లేదన్నట్టు మాట్లాడాడని పత్రికల్లో చదివి డుబోయిస్ ఆయనకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. నిలదీశాడు అనడం సరైన మాట. చివరికి 1892 నుంచి 1894 దాకా బెర్లిన్‌లో చదివాడు. మూడో ఏడుకు డబ్బివ్వలేదు, అక్కడి డాక్టరేట్ రాకుండానే తిరిగొచ్చాడు. 1895లో హార్వర్డ్ నుంచి పిహెచ్.డి. వచ్చింది. విషయం ఆఫ్రికా నుంచి అమెరికాకు సాగిన బానిసల వ్యాపారాన్ని అణచడం. తత్వశాస్త్రం పోయిందని మేము బాధపడటం లేదు. చరిత్ర తీసుకున్నాక ఆయన తనవాళ్ల చరిత్రే తీసుకున్నాడు.

మరి ఉద్యోగం? 1894లో విల్బర్‌ఫోర్స్‌లో దొరికింది, గ్రీకు, లాటిన్ చెప్పడానికి. సమాజశాస్త్రం చెప్తానంటే ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగానికి ఒప్పుకున్న తర్వాత ఇంకో చోట నుంచి తంతి వచ్చింది, లెక్కలు చెప్పడానికి రమ్మని. పంపింది టస్కిగీ నుంచి బుకర్ వాషింగ్టన్! కాస్త ముందు వచ్చుంటే చరిత్ర ఎట్లా ఉండేదో. 1899లో ఫిలడెల్ఫియా నల్లవాళ్ల మీద, ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనం అచ్చయింది. 1903లో వచ్చిన పుస్తకంలో వాషింగ్టన్‌తో నేరుగా తలపడ్డాడు. చేతిపనుల బళ్లు వద్దని అనలేదు, వాటిలో పంతుళ్లు ఎక్కణ్ణుంచి వస్తారని అడిగాడు.

ఫిస్క్‌ను పొగిడి వదిలేస్తే సగం చరిత్రే అవుతుంది. తెల్ల అధ్యక్షుడు ఫయెట్ మెకెంజీ కాలంలో పది లక్షల డాలర్ల నిధి కోసం దాతల్ని మెప్పించే పనిలో విద్యార్థుల పత్రిక మూయించారు, విద్యార్థి సంఘం తీసేశారు, అమ్మాయిలు ఏ బట్టలు కట్టాలో శాసించారు. లోపల ప్లేటో, బయట పోలీసు కాపలా. 1924లో డుబోయిస్ అక్కడికే పోయి, తన కూతురు డిగ్రీ తీసుకున్న ఏడే, అధ్యక్షుణ్ణి దుయ్యబట్టాడు. 1925 ఫిబ్రవరిలో విద్యార్థులు సమ్మె కట్టారు. ఏప్రిల్‌లో మెకెంజీ రాజీనామా చేశాడు. మొదటి నల్ల అధ్యక్షుడు ఛార్లెస్ జాన్సన్ 1946లో గానీ రాలేదు. సంస్థ పుట్టిన ఎనభై ఏళ్లకు! ఏ సబ్జెక్టు చెప్తారన్నది ఒక సంగతి, ఎవరి అదుపులో చెప్తారన్నది ఇంకో సంగతి.

కొలంబియా

ఇక మన వైపు. బాబాసాహెబ్ అంబేద్కర్ సంస్కృతం చదవాలనుకున్నాడు. బొంబాయిలో హైస్కూలు పంతులు అంటరాని పిల్లలకు సంస్కృతం చెప్పనన్నాడు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. మన దేశంలో 'సెకండ్ లాంగ్వేజి ఎంపిక' అనేది ఇట్లా జరిగింది. 1946లో 'శూద్రులెవరు?' అచ్చయినప్పుడు, సంస్కృతం తెలియనివాడికి ఈ పని ఎందుకని అడిగేవాళ్లకు ముందుమాటలోనే జవాబు చెప్పాల్సి వచ్చింది. తలుపు వేసినవాళ్లే లోపలికి ఎందుకు రాలేదని అడిగారు.

1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద న్యూయార్కు చేరాడు. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లకు. తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. ఇట్లా కట్టుబడిపోయిన మనిషి కొలంబియాలో ఏం చదివాడో కోర్సుల లెక్క చూడండి. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజకీయశాస్త్రంలో 3, ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి. అన్నీ కలిపితే 60. మేజర్ అర్థశాస్త్రమే. సెలిగ్మన్ దగ్గర ప్రభుత్వ ఆదాయవ్యయాలు నేర్చుకున్నాడు. కానీ జాన్ డ్యూయీ తత్వశాస్త్రం తరగతుల్లోనూ, రాబిన్సన్, షాట్‌వెల్ చరిత్ర తరగతుల్లోనూ కూర్చున్నాడు.

ఆ నాలుగు మానవశాస్త్రం కోర్సుల సంగతి చూద్దాం. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో ఈ అర్థశాస్త్ర విద్యార్థి కులం మీద ఒక వ్యాసం చదివాడు. కులానికి ప్రాణం లోపలి పెళ్లిళ్లలో ఉందనీ, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కంచెను కాపాడే పద్ధతులనీ అందులో వాదించాడు. స్త్రీల అణచివేత లేకుండా కులం నిలబడదని 25 ఏళ్ల వయసులో చెప్పాడు. సంస్కృతం తరగతి మూసేసినవాళ్లు ఈ తరగతిని మూయలేకపోయారు, అది వాళ్ల చేతిలో లేదు కాబట్టి. మరోవైపు, కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య ఆర్థిక సంబంధాల చరిత్ర మీద 1925లో అచ్చయిన పుస్తకం కూడా కొలంబియా చదువు ఫలితమే. డాక్టరేట్ 1927లో చేతికొచ్చింది. కష్టం, లెక్కలుంటాయి అని మనవాళ్లకు వద్దంటున్న సబ్జెక్టు అదే.

1917లో బరోడాకు తిరిగొచ్చాక ఏమయిందో తెలిసిందే. ఆఫీసులో జవాన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు. ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. అరవై కోర్సులు కూడా కులాన్ని దాటించలేదు.

1942

లిబరల్ ఆర్ట్స్ గొప్పదని తేల్చేసి వ్యాసం ముగించడం సులభం. కానీ బాబాసాహెబే అడ్డం వస్తాడు. 1942 అక్టోబరులో వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో ఆయన వాదన వేరుగా ఉంది. ఆర్ట్స్, లా చదువుల వల్ల షెడ్యూల్డు కులాలకు పెద్దగా ఒరిగేది లేదు, కావాల్సింది ఉన్నత స్థాయి సైన్సు, సాంకేతిక విద్య, దానికి ప్రభుత్వం డబ్బివ్వాలి అని. విదేశాల్లో చదవడానికి కూడా అడిగాడు.

దీన్ని పట్టుకొని చూశారా, ఆయనా వాషింగ్టన్ మాటే చెప్పాడు అనేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. అడిగింది ఇటుకల బట్టీ కాదు, ప్రయోగశాల. 'ఉన్నత స్థాయి' అన్న మాట అందుకే ఉంది. మన పిల్లలు ఆర్ట్స్‌లో ఎందుకు చేరుతున్నారో ఆయనకు తెలుసు. సైన్సుకయ్యే ఖర్చు తల్లిదండ్రులు భరించలేరు, ఆర్ట్స్ చౌక. అది ఎంపిక కాదు, లేమి. అలబామాలో చేతిపని పేరుతో ఏం జరిగిందో, ఇక్కడ బి.ఏ. పేరుతో అదే జరగొచ్చు. సబ్జెక్టు పేరు చూసి అది విముక్తా బంధనమా అని చెప్పలేం. 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్-మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. మెస్ బిల్లు కట్టి మమ్మల్ని చదివించింది ఆ పథకమే, ఆలస్యంగా వచ్చినా.

ఆ వినతిపత్రం ఇచ్చిన నాలుగేళ్లకు, 1946లో, ఆయన బొంబాయిలో సొంత కాలేజీ పెట్టినప్పుడు దాని పేరు సిద్ధార్థ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ. రెండూ ఒకే కప్పు కింద. 1950లో ఔరంగాబాద్ కాలేజీ వచ్చింది, అదే తర్వాత మిళింద్ కాలేజీ. అమెరికాలో చదువుకొని వచ్చిన ఎం.ఎన్. వాంఖడే అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. నల్లజాతి రచయితల గురించి మరాఠీ దళిత కుర్రాళ్లకు చెప్పినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు. 1972లో దళిత పాంథర్స్ వచ్చేనాటికి ఆ సాహిత్యం వాళ్ల నాలుకల మీద ఉంది. వాంఖడే చదివింది ఇంగ్లీషు సాహిత్యం. దానికి ఏం ఉద్యోగమొస్తది అని ఆయన్ను కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.